హాజరుపట్టీలో చివరి వారము

సోమవారము నాడు నల్లబల్ల ప్రక్క గోడపై సుద్దముక్కతో అయిదు గీతలు గీచి, దినమునకొక్కటి చొప్పున తుడిచివేయుచు పోవుదమని టీచరు పిల్లలతో చెప్పెను. మంగళవారము ఉదయము తలుపు తెరచి చూడగా నాలుగు మిగులవలసిన చోట ఆరు గీతలున్నవి. బుధవారమునకు అవి తొమ్మిదియైనవి. ఎవరు గీచిరని అడిగినచో తరగతిలో ఒక్కరును తలయెత్తరు. కాని మూడవ వరుసలోని ఒక బాలిక వ్రేళ్ళకు మాత్రము సుద్దపొడి అంటియుండుట నేనును చూచితిని, టీచరును చూచెను. ఇద్దరమును చూడనట్లే ఊరకుంటిమి.

పత్తికొండకును ఆదోనికిని నడుమ, ఎఱ్ఱనేల సన్నగిల్లి నల్లరేగడి తొంగిచూచు చోటనున్న ఒక పల్లెలో జరిగిన మాట యిది. ఏప్రిల్ మూడవ వారము. వాకిట వేపచెట్టు నీడ గోడవారకు ముడుచుకొనిపోయినది. టీచరుగ నున్న ఆ యువతి ఆదోనిలో బి.ఎడ్. ముగించి, డీఎస్సీకి చదువుకొనుచు, వేతనమేమియు లేకయే యిక్కడికి వచ్చి నాలుగు మాసములుగా పాఠములు చెప్పుచున్నది. శుక్రవారముతో ఆమె పని ముగియును.

"టీచర్, శుక్రారం తర్వాత మల్లా యాపొద్దొస్తావ్?" అని ఆ సుద్దవ్రేళ్ళ పిల్లయే అడిగెను.

టీచరు ప్రత్యుత్తరమీయక ఎక్కములు వ్రాయుడని చెప్పెను. పిల్ల వ్రాయలేదు. "మా యమ్మ గుడ సుగ్గికి పొయ్యేటప్పుడు ఇట్లే ఏం సెప్పదు టీచర్," అనెను.

సుగ్గి అను మాట

కోస్తా పాఠకులకు ఈ మాట తెలియకపోవచ్చును. కన్నడమున సుగ్గి యనగా పంటకోతకాలము. ఆ సీమలో సంక్రాంతిని సుగ్గిపండుగ యని పిలుచుకొని, నువ్వులును బెల్లమును పంచుకొందురు. ఎల్ల దాటి మన కర్నూలు పడమటి మండలములలోనికి వచ్చుసరికి ఆ శబ్దమునకు పండుగ కళ తొలగిపోయి, పరుల పంట కోయుటకై ఇల్లు విడిచి పోవుటయను అర్థము మాత్రమే మిగిలినది. కోసిగి, మంత్రాలయము, కౌతాళము, పెద్దకడుబూరు, ఆలూరు, ఆస్పరి, దేవనకొండ, పత్తికొండ, తుగ్గలి: ఈ పేర్లు గల చోట్లనుండి దీపావళి దాటినది మొదలు బొలెరోలును ఐచర్ బండ్లును కదలును. పత్తి తీయుటకు తెలంగాణమునకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు, పల్నాడు ప్రాంతములకు, ఇటుకపనికి, మట్టిపనికి బెంగళూరునకు. బండిపై జొన్నలమూట, పొయ్యికట్టెలు, నీళ్ళబిందె, గుడిసెకు కప్పుకొను పట్ట, వాటి నడుమ కాళ్ళు ముడుచుకొని కూర్చున్న పిల్లలు. సంక్రాంతి వెళ్ళిన మరునాటికి కొన్ని వీధులలో తాళములే పలుకరించును. ఉగాదికి కొందఱును, ఎండలు ముదిరిన పిమ్మట కొందఱును మరలుదురు.

కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. తుంగభద్ర దిగువకాలువ నీరు చివరిభూములకు చేరు దినములు లెక్కకు తక్కువ. వాన నమ్మి విత్తిన వేరుశనగయు పత్తియు ఒక యేడు ఇంటికి వచ్చిన, రెండేండ్లు అప్పునకు పోవును. పత్తికొండ టమాటా ధర పడిపోయిన దినమున గంపలకు గంపలు రోడ్డుప్రక్కన పారబోసి పోవు రైతును చూడనివారు ఈ సీమలో ఉండరు. మిరపతోటలో కూలి కోసిన కాయను బట్టి గనుక, పదేండ్ల పిల్ల చేతులును లెక్కలోనికి వచ్చును. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి అఱువది. స్త్రీలలో సగముకంటె తక్కువ. అందును పడమటి మండలములు మిక్కిలి వెనుక.

పిల్లలను బండి యెక్కింపక అవ్వతాతలయొద్ద విడిచిపోయినచో, వారికి తిండియు బసయు చదువును కల్పించుటకై ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ళు నడపుచున్నది. మంచి యేర్పాటే. అయినను అవ్వకు జ్వరము వచ్చినదన్నను, చంటిబిడ్డను చూచుకొనువారు లేరన్నను, ఆడపిల్ల పేరే మొదట హాజరుపట్టీనుండి జారిపోవును.

ఇతర దేశములలో స్వచ్ఛందోపాధ్యాయులనుగూర్చి వ్రాయువారందఱును చివరివారమున కన్నీరు పెట్టు పిల్లలను వర్ణింతురు. అచ్చట వచ్చిపోవువారు పంతుళ్ళు, నిలిచియుండువారు పిల్లలు. ఇచ్చట పిల్లలే యేటేట బండియెక్కి పోవువారు. వీడ్కోలునందు వారు మనకంటె ఆరితేరినవారు.

పత్తికొండలో ఒక దొర కడపటి దినము

చివరివారమును గూర్చి వ్రాయబూనిన నాకు, ఈ పత్తికొండలోనే ముగిసిపోయిన మఱియొక వీడ్కోలు యాత్ర జ్ఞప్తికి వచ్చుచున్నది. నిజామునుండి 1800లో కుంఫిణీకి సంక్రమించిన దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరుగ ఏడేండ్లు పనిచేసి, 1820లో మద్రాసు గవర్నరై తిరిగివచ్చిన సర్ థామస్ మన్రో, స్వదేశమునకు పోవుటకు ముందు తానెఱిగిన ఈ పల్లెలను ఒక్కమాఱు చూచి పోవలెనని 1827 మే మాసాంతమున మద్రాసునుండి బయలుదేరెను. దారిలో పరివారమునందు కలరా పొడసూపినది. గుత్తిమీదుగ జూలై 6వ తేదీన పత్తికొండ చేరెను. ఆనాడే వ్యాధి సోకెను. ఆ రాత్రియే గతించెను. ఆయన స్మారకముగ ఇచ్చట ప్రభుత్వమువారు ఒక తోపు నాటించి, బావి కట్టించిరి.

మన్రో పేరు చెప్పినంతనే మనవారికి రైతువారీ శిస్తు స్ఫురించును. బడులతో ఆయనకు గల సంబంధమును తలచువారు తక్కువ. మద్రాసు రాజధాని యంతటను ఎన్ని పాఠశాలలున్నవో, ఎవ్వరెవ్వరు చదువుచున్నారో లెక్కించి పంపుడని కలెక్టర్లకు 1822లో ఉత్తరువు చేసినవాడాయన. అప్పటికి పత్తికొండయు ఆదోనియు బళ్ళారి జిల్లాలోనివి. పత్తికొండ 1858లోను, ఆదోని 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును కర్నూలులో చేరినవి. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగష్టులో పంపిన నివేదిక ఆ లెక్కలన్నింటిలో చదువదగినది.

> 1823: బళ్ళారి జిల్లా బడులు
>
> జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. అందు బాలికలు 60 మంది మాత్రమే.
>
> కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ 23, పారసీ 21, తమిళము 4, ఇంగ్లీషు 1. బ్రాహ్మణులు మాత్రమే శాస్త్రములు చదువుకొను స్థలములు 23.
>
> ఉదయము అందఱికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక మెత్తని దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ.
>
> పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పు పద్ధతిని కలెక్టరు మెచ్చుకొనెను. ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగియేయున్నదని వ్రాసెను.

ఆ నివేదికలో రెండు మాటలు నన్ను వదలవు. పద్యములు వల్లించు పిల్లలకు వాని భాష వేఱు, నోటిభాష వేఱు గనుక అర్థమేమియు తెలియుటలేదని కాంబెల్ ఆక్షేపించెను. ఇప్పటికిని ఇట్లు వ్రాయుచున్న నాబోటివానికి ఆ మాట చుఱుక్కుమనకపోదు. రెండవది అంతకంటె బరువైనది. దేశము బీదవడుటచేత తలిదండ్రులు బడిఖర్చు భరింపలేకున్నారనియు, లేత కాలుసేతులు ఏ కొంచెము పనికి వచ్చినను పిల్లలను ఆ పనిలో పెట్టక తప్పుటలేదనియు ఆయన వ్రాసినాడు. రెండువందల యేండ్ల నాటి ఈ వాక్యమునకు సుగ్గి బండ్ల సంఖ్యను జతచేసి నేడు ఏ అధికారి పంపినను అది క్రొత్త నివేదికయే యగును.

1826 మార్చిలో మన్రో తన యోజనను ప్రకటించెను: ప్రతి తహశీలునకు ఒక బడి, పంతులుకు నెలకు 9 రూపాయలు, కలెక్టరేటు బడిలోనివానికి 15. మఱుసటి యేడు ఆయన పత్తికొండలో కన్నుమూసెను. ఆ తహశీలు బడులు 1836లో ఎత్తివేయబడినవి. యోజన చేసినవాడు పోయిన పిమ్మట దానిని అప్పగించుకొనినవారు లేరు.

సువర్ణభూమికి పోవువారు

ఈ మధ్య నగరములలోని మన విద్యార్థులకు క్రొత్త ముచ్చట యొకటి కలిగినది. సెలవులలో థాయిలాండు, కంబోడియా వంటి దేశములకు పోయి, రెండు వారములో నాలుగు వారములో ఒక పల్లెబడిలో ఇంగ్లీషు చెప్పి, పిల్లలతో ఫోటోలు దిగి వచ్చుట. అందులకై సంస్థలున్నవి, వానికి రుసుము చెల్లింపవలెను. చివరివారమున పాటలు, మణికట్టున కట్టు దారములు, కౌగిళ్ళు. ఆపై సోమవారము మఱియొక దేశమునుండి మఱియొక స్వచ్ఛందసేవకుడు వచ్చి, రంగుల పేర్లును, ఏబీసీడీల పాటయు మొదటినుండి ఆరంభించును. వచ్చినవారి హృదయము నిర్మలమైనదే. పిల్లలు నేర్చినది మాత్రము ఆ పాట దాటలేదు. దీనిని విద్యాదానమనుటకంటె విహారయాత్రలో నొక భాగమనుటయే నిజము.

ఆ యువకులు విమానము దిగు బ్యాంకాకు విమానాశ్రయము పేరు సువర్ణభూమి. ఆ పేరు వినినప్పుడెల్ల నాకు తుగ్గలి మండలమునందలి ఎఱ్ఱగుడి బండలు తలపునకు వచ్చును. గుత్తినుండి పత్తికొండ వచ్చు త్రోవలో ఆ రాళ్ళపై అశోకుడు చెక్కించిన శాసనములున్నవి. పత్తికొండ చేరువ రాజుల మండగిరిలో మఱియొకటి. తలిదండ్రుల మాట వినవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను, అంతేవాసి ఆచార్యుని గౌరవింపవలెను: ఎఱ్ఱగుడి లఘుశాసనము చెప్పు ధర్మమిది. అశోకుని కాలముననే సోణుడు, ఉత్తరుడు అను భిక్షువులు సువర్ణభూమికి పోయిరని సింహళపు మహావంశము చెప్పుచున్నది. వారు దిగినది తమ నఖోన్ పథోములోనని థాయీలందురు. కాదు, తమ థటోనులోనని బర్మావారందురు. ఆ తగవు తీర్చుట మన పని కాదు. ఆ భిక్షువులు తిరుగుటిక్కెట్టు కొని పోలేదన్నది మాత్రము గమనింపదగినది.

> గురువారము, గరిక, వంగపువ్వు
>
> థాయి భాషలో పంతులు 'ఖ్రూ'. అది మన గురువు. పై తరగతుల అధ్యాపకుడు 'ఆచాన్', ఆచార్యుడు. గురువారమును బృహస్పతి పేరనే పిలుతురు.
>
> మే మాసమున బడులు తెరచిన కొలది వారములకు, సామాన్యముగ ఒక గురువారమున, 'వై ఖ్రూ' అను గురువందనము జరుగును. పిల్లలు మోకరిల్లి సమర్పించు వానిలో గరికయు, వంగపువ్వును, నూరువరహాల పువ్వును ఉండును. గరిక ఎచ్చట పడినను అల్లుకొనును, వంగపువ్వు తలవంచియుండును, నూరువరహాల మొగ్గ సూదివలె వాడిగలది.

ఆ దేశమున ఇంకొక పద్ధతియు కలదు. బ్యాంక్ ఆఫ్ థాయిలాండు గవర్నరుగ నుండిన పుయ్ ఉంగ్ఫాకోన్ 1969లో థమ్మసాత్ విశ్వవిద్యాలయమున పట్టభద్రులకొక స్వచ్ఛందసేవా పథకము నెలకొల్పెను. దాని థాయి పేరులో 'బణ్డిత్' అను మాట కలదు, మన పండితుడే. దేశపు చదువుకొనిన బిడ్డలు ముందు శిక్షణ పొంది, ఆపై నెలల తరబడి పల్లెలో కాపురముండి, పల్లెవారి మాట తమ మాటగ పనిచేయవలెనన్నది ఆయన తలంపు. ఆదోని యువతి చేసిన పని ఈ రెండవ పద్ధతికి చుట్టము.

నా చేతిమీది మచ్చ

ఒకరిని విమర్శించు ముందు నా సంగతి చెప్పుకొనుట న్యాయము. 1990 తర్వాతి సంవత్సరములలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము ఊరూర సాగుచున్నప్పుడు, ఎమ్మిగనూరు దాపున ఒక పల్లెలో రాత్రిబడి చెప్పుటకు నేనును పోయితిని. లాంతరు వెలుతురున పలక పట్టినవారిలో అఱువదేండ్లు దాటిన అవ్వ యొకతె యుండెడిది. ఆమె పేరు నాలుగక్షరములు. మగ్గమునొద్ద కండెలు చుట్టి చుట్టి వంగని వ్రేళ్ళతో మొదటి రెండక్షరములు దిద్దుటకు ఆమెకు నెలన్నర పట్టినది. ఇంతలో నాకు కర్నూలులో ఉద్యోగము వచ్చెను. చివరివారమంతయు ఏమియు ఎఱుగనివానివలె పాఠము చెప్పి, వీడ్కోలు చెప్పుటకు మొగము చెల్లక, శనివారము వేకువ బస్సుకు వెడలిపోయితిని.

మూడేండ్ల తర్వాత ఎమ్మిగనూరు బస్టాండులో ఆమెయే నన్ను గుర్తుపట్టెను. నింద లేదు, నిష్ఠూరము లేదు. "ఏమప్పా, బాగుండావా? తక్కిన రెండచ్చరాలు యెవురన్నా నేర్పుతారని సూస్తి," అనెను. సంచి చంకన పెట్టుకొని జొన్నరొట్టె మూట నా చేతిలో పెట్టబోయెను. ఆ రొట్టె తీసికొంటినా లేదా అన్నది నాకు జ్ఞాపకము లేదు.

నేను ఆ వారములో ఒక్క రాత్రి కూర్చుండి, ఎవరు ఏ అక్షరముకడ నిలిచిరో ఒక కాగితముపై వ్రాసి ఆ యూరి పంతులకు ఇచ్చియున్నచో సరిపోయెడిది. స్వచ్ఛందోపాధ్యాయుని పనికి వెల కట్టవలసినది మొదటినాటి యుత్సాహమును చూచి కాదు, మధ్యకాలపు శ్రమను చూచియు కాదు. చివరివారమున ఎవరికి ఏమి అప్పగించిపోయినాడని చూడవలెను.

బదిలీల నడుమ

వాలంటీరను మాట మన రాష్ట్రమున ఇటీవల రాజకీయములలో చిక్కుకొని రూపు మారినది. దానిని కాసేపు ప్రక్కన నుంతము. పడమటి కర్నూలు బడులు ఏండ్ల తరబడి విద్యావాలంటీర్లతోను, తాత్కాలిక బోధకులతోను, అప్పుడప్పుడు వచ్చు సేవాసంస్థలవారితోను నెట్టుకొనివచ్చినవి. ఇటకు నియమితులైన ఉపాధ్యాయులును వీలైనంత త్వరగా బస్సుదారి బడికి బదిలీ కోరుకొనుటయు కొత్త కాదు. 2025 డీఎస్సీలో రాష్ట్రమంతట 16,347 ఉద్యోగములు ప్రకటింపగా, ఉమ్మడి కర్నూలు జిల్లాకే రెండువేల ఆఱువందలకు పైబడి వచ్చినవి. ఏ జిల్లాకును అన్ని లేవు. కొందఱు ఇది మన అదృష్టమనిరి. నాకది అంతకాలము ఎన్ని కుర్చీలు ఖాళీగ నుండెనో చెప్పు లెక్కగ తోచినది.

క్రొత్త పంతుళ్ళు వచ్చినారు, సంతోషమే. అయితే వచ్చినవారికి ఏ పిల్ల యింట కన్నడము పలుకుదురో, ఎవని తలిదండ్రులు ఏ నెలలో ఏ తోటకు పోవుదురో, ఎవతె రెండవ ఎక్కము దాటలేదో చెప్పువారెవరు? ప్రగతిపత్రములో మార్కులుండును, ఈ సంగతులుండవు. ఏప్రిల్‌లో పోవువానికిని జూన్‌లో వచ్చువానికిని నడుమ ఏబది దినముల యెండకాలము అడ్డముగ నున్నది. ఇద్దరును ఒకరి మొగమొకరు చూడరు.

శుక్రవారము

శుక్రవారము ఉదయమునకు గోడపై పదునాలుగు గీతలున్నవి. టీచరు వాటిని తుడువలేదు. పిల్లలు తెచ్చిన కానుకలు బల్లపై పేర్చిరి: రెండు టమాటాలు, దోసెడు శనక్కాయలు, ఉప్పుకారము చుట్టిన కాగితముతో సహా ఒక పచ్చి మామిడికాయ, ఎవరి చేతిదో ఊడివచ్చిన గాజు. ఆమె ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి, ఆనాటికి వారు చదువగలిగిన పాఠము చదివించుకొని, ఒక దళసరి నోటుపుస్తకములో వ్రాసికొనెను. తలకొక పుట. పేరు, ఇంటిభాష, చదువు ఎందాక వచ్చినది, సుగ్గికి పోవునది ఎవరు, ఎచ్చటకు, అవ్వయొద్ద నుండునా, వెంట పోవునా, దేనికి నవ్వును, దేనికి అలుగును.

సుద్దవ్రేళ్ళ పిల్ల వంతు కడపట వచ్చెను.

"నా గురించి ఏం రాస్తివి టీచర్?"

"లెక్కలు బాగా చేస్తాది, గీతలు మాత్రం తప్పు లెక్కపెడతాది అని."

పిల్ల కొంతసేపు నేలచూపు చూచి, తర్వాత పకపక నవ్వెను. అది సుగ్గికి పోవునా యని అడిగితిని. ఈ యేడు పోలేదనియు, వచ్చే యేడు తమ్ముని ఎత్తుకొనుటకు పోవలసియుండుననియు చెప్పెను. ఆ సంగతియు టీచరు పుటలో చేర్చెను.

మధ్యాహ్నము బడి విడిచిన తర్వాత నోటుపుస్తకము ప్రధానోపాధ్యాయుల వారి చేతికిచ్చి, సంతకము చేయించుకొని, ఆదోని బస్సెక్కెను. పిల్లలు బస్సు వెంట కొంతదూరము పరుగెత్తిరి. ఎండకు కాళ్ళు కాలి నిలిచిపోయిరి.

జూన్ 12వ తేదీన బడులు తెరచుదురు. నోటుపుస్తకము బీరువాలో రెండవ అరలో, పాత హాజరుపట్టీల క్రింద నున్నది.